అంతర సాంస్కృతిక సంభాషణలో ‘సంస్కృతి’ అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ సహోద్యోగులతో రోజూ కాల్స్‌లో మాట్లాడేవారు, చదువుకో ఉద్యోగానికో దేశం దాటుతున్నవారు, అలాంటివారికి శిక్షణ ఇచ్చేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఉదాహరణలు చాలావరకు తెలుగువారు నిజంగా తారసపడే సందర్భాల నుంచే తీసుకున్నాం.

సంస్కృతి అంటే బతుకమ్మ, కూచిపూడి, సంక్రాంతి ముగ్గులు, ఆవకాయ కాదా?

అవీ సంస్కృతే. కానీ ఇద్దరి మధ్య మాట తేడా వచ్చే చోట అవి దాదాపు ఎప్పుడూ కారణం కావు. బతుకమ్మ అంటే తెలియని జర్మన్ సహోద్యోగి అడిగి తెలుసుకుంటాడు, మీరు సంతోషంగా చెబుతారు, అంతటితో సరి. అదే మనిషి పదిమంది ముందు మీటింగులో “ఈ లెక్క తప్పు” అంటే మీకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అతనికేమో అందులో తప్పేమీ కనిపించదు. లెక్క గురించి అన్నాడు, మీ గురించి అనలేదు.

వేర్వేరు సంస్కృతులవారి మధ్య మాటలను పరిశీలించే ఈ రంగంలో సంస్కృతి అంటే ఆ కనబడని భాగం. కలిసి బతికే మనుషులు పైకి చెప్పుకోకుండానే పంచుకునే అంచనాలు: ఏది మామూలు, ఏది మర్యాద, ఏ పనికి ఏమి అర్థం, మౌనం ఒప్పుకోలా కాదనడమా, ఎంత ఆలస్యమైతే క్షమాపణ అడగాలి, పెద్దవారి మాటకు ఎవరి ముందు అడ్డు చెప్పవచ్చు.

దీనికి మూడు లక్షణాలున్నాయి. మొదటిది, ఇది నేర్చుకున్నది, పుట్టుకతో వచ్చేది కాదు. గుంటూరు తల్లిదండ్రులకు పుట్టి డాలస్‌లో పెరిగిన అమ్మాయి అమ్మమ్మ వడ్డించబోతే “నాకు వద్దు” అని ఒక్క మాటలో అంటుంది. అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుంది. పిల్లలో పొగరు లేదు, ఆ పిల్ల పెరిగిన చోట అది మర్యాదైన జవాబే. రెండోది, ఇది ఒక్కరి అలవాటు కాదు, నలుగురూ పంచుకున్నది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మనకు తెలియకుండానే మనలో ఉంటుంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు “వెళ్తాను” అనకూడదు, “వెళ్ళొస్తాను” అనాలని మనకెవరూ పాఠంలా చెప్పలేదు. చిన్నప్పుడు ఒకసారి “వెళ్తాను” అంటే బామ్మ ఆపి సరిదిద్దింది, అంతే. ఇలాంటివి వేలల్లో ఉంటాయి. అవి ఎదుటివారిలో లేనప్పుడే మనలో ఉన్న సంగతి బయటపడుతుంది.

ఈ అర్థం ఎప్పటి నుంచి ఉంది?

1871లో ఇంగ్లండుకు చెందిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ సంస్కృతిని జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం, సమాజంలో సభ్యుడిగా మనిషి అలవరచుకునే ఇతర శక్తులు, అలవాట్లు అన్నీ కలిసిన మొత్తంగా నిర్వచించాడు. ‘సమాజంలో సభ్యుడిగా అలవరచుకునేది’ అన్నదే ఇక్కడ గట్టి పట్టు. 1952 నాటికి అమెరికన్ మానవశాస్త్రవేత్తలు ఆల్‌ఫ్రెడ్ క్రోబర్, క్లైడ్ క్లక్‌హాన్ కలిసి నిర్వచనాలు పోగు చేస్తే 164 తేలాయి. కాబట్టి ‘సరైన నిర్వచనం ఒక్కటి చెప్పండి’ అన్న పరీక్ష ప్రశ్నకు నిజాయితీగా ఒక్క జవాబు లేదు.

సంభాషణ వైపు మలుపు 1950లలో వచ్చింది. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు శిక్షణనిచ్చే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడ్వర్డ్ టి. హాల్ అనే మానవశాస్త్రవేత్త పాఠాలు చెప్పేవాడు. వంశ వ్యవస్థలు, మత విశ్వాసాల గురించి చెబితే ఆ దౌత్యవేత్తలకు రుచించేది కాదు. ‘రేపు అక్కడ దిగాక ఎదుటివారితో ఎలా మెలగాలి?’ అన్నదే వారి ప్రశ్న. అందుకే హాల్ చిన్నవాటి మీద దృష్టి పెట్టాడు: గొంతు తీరు, సైగ, నిలబడే దూరం, సమయం. సంస్కృతే సంభాషణ, సంభాషణే సంస్కృతి అని 1959లో అతను రాసినది ఈ రంగానికి పునాది అయింది.

సంస్కృతి తేడా ఇంత చిన్న విషయంలో కూడా దెబ్బ కొడుతుందా? నిజంగా జరిగిన ఉదాహరణ ఉందా?

ఉంది. భాషాశాస్త్రవేత్త జాన్ గంపర్జ్ పరిశీలించిన ఒక ఘటనను ఈ రంగంలో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. మనవాళ్ళ గురించే కాబట్టి కాస్త వివరంగా చూడటం మంచిది.

1970లలో బ్రిటన్‌లోని ఒక పెద్ద విమానాశ్రయం సిబ్బంది క్యాంటీన్‌లో భారత, పాకిస్తానీ మహిళలను కొత్తగా వడ్డనకు పెట్టుకున్నారు. కొద్దిరోజులకే ఫిర్యాదులు మొదలయ్యాయి: ‘వీళ్ళు మొహం మాడ్చుకుంటారు, మర్యాద లేదు’. ఆ మహిళలూ తమను చిన్నచూపు చూస్తున్నారని బాధపడ్డారు. గమనిస్తే వారు మాట్లాడే మాటలే తక్కువ. మాంసం పెట్టించుకున్నవారిని గ్రేవీ కావాలా అని అడగాలి, అంతే పని.

బ్రిటిష్ ఉద్యోగిని “గ్రేవీ?” అని చివర స్వరం పైకి లేపి అడిగేది. ఈ మహిళలు అదే మాటను స్వరం కిందికి దించి “గ్రేవీ.” అనేవారు. మాట ఒకటే, ఉచ్చారణలో తప్పు లేదు. బ్రిటిష్ చెవికి రెండోది ప్రశ్నలా వినిపించదు. ‘ఇది గ్రేవీ, ఇష్టముంటే తీసుకో’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ మహిళలు తమ భాషల్లో మామూలుగా అడిగే తీరు అదే.

రికార్డు చేసి వినిపించినప్పుడు ఆ మహిళలు మొదట ‘రెంటికీ తేడా ఏముంది?’ అన్నారు. బ్రిటిష్ వారికి మాత్రం తేడా వెంటనే తెలిసింది. విడమరిచి చెప్పాక రెండు పక్షాలకూ విషయం అర్థమైంది, పర్యవేక్షకుల ధోరణి కూడా మారింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. వ్యాకరణం తప్పితే వినేవాడు ‘భాష సరిగా రాదు పాపం’ అనుకుని సర్దుకుంటాడు. స్వరం, మౌనం, వాక్యంలో ఏది ముందు చెప్పాలన్నది తప్పితే అలా అనుకోడు. ‘ఈ మనిషే మంచివాడు కాదు’ అనుకుంటాడు. మీ ఇంగ్లిష్ ఎంత బాగుంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ, ఎందుకంటే భాష రాకపోవడం అన్న మన్నింపు మీకు దొరకదు. పదేళ్ళ అనుభవమున్న ఇంజనీరుకు ‘కమ్యూనికేషన్ బాగాలేదు’ అని అప్రైజల్‌లో రాస్తే కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఆయన మళ్ళీ గ్రామర్ క్లాసులో చేరతాడు, ఫలితం ఉండదు.

ఒక దేశానికి ఒక సంస్కృతి అనుకోవచ్చా?

అనుకోకూడదు. మనల్నే తీసుకోండి. శ్రీకాకుళం పల్లె, హైదరాబాద్ పాతబస్తీ, కోనసీమ, ఆదిలాబాద్ గోండు గూడెం: వీటన్నిటినీ ‘భారతీయ సంస్కృతి’ అన్న ఒక్క మాటతో వివరించలేం. పైగా ఒక్కో మనిషి ఒకేసారి అనేక గుంపుల్లో ఉంటాడు: ఊరు, కులం, మతం, తరం, చదువు, వృత్తి, కంపెనీ. చెన్నై సర్జన్‌కూ మ్యూనిక్ సర్జన్‌కూ ఆపరేషన్ థియేటర్‌లో మాట ఇట్టే కలుస్తుంది. అదే మ్యూనిక్ సర్జన్ తన ఊరి రైతుతో మాట్లాడేటప్పుడు ఎక్కువ కష్టపడవచ్చు. అందుకే ‘ఇతను ఏ దేశస్థుడు?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఈ సందర్భంలో ఇతను ఏ గుంపు అలవాటు ప్రకారం నడుచుకుంటున్నాడు?’ అని కూడా అడగాలి. చాలాసార్లు రెండో ప్రశ్నే పనికొస్తుంది.

హాఫ్‌స్టెడ్ అంకెలు చాలా శిక్షణల్లో చూపిస్తారు. వాటిని నమ్మవచ్చా?

అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఎంతవరకు వాడాలో తెలుస్తుంది. 1967–1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల ఆధారంగా డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో దేశాల సంస్కృతులను పోల్చే నాలుగు కొలతలు ప్రకటించాడు. తర్వాత అవి ఆరయ్యాయి. ‘అధికార దూరం’ అంటే తక్కువ అధికారం ఉన్నవారు ఆ ఎక్కువ తక్కువలను ఎంత సహజంగా తీసుకుంటారన్నది. అందులో భారత్‌కు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40, జర్మనీకి 35. వ్యక్తివాదంలో, అంటే గుంపు కన్నా వ్యక్తికి ఎంత ప్రాధాన్యమన్నదానిలో, అమెరికాకు 91, భారత్‌కు 48.

పొరపాట్లు మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, ఆ జవాబులు ఒకే బహుళజాతి కంపెనీ ఉద్యోగులవి. 2002లో పరిశోధకుడు బ్రెండన్ మెక్‌స్వీనీ ఈ పద్ధతిని గట్టిగా విమర్శించాడు. ఒక కంపెనీ శాఖలోని కొందరి జవాబులు మొత్తం దేశానికి ఎలా వర్తిస్తాయన్నది ఆయన ప్రశ్నల్లో ఒకటి. రెండు, ఇవి పోలిక అంకెలు. 77 అన్నది విడిగా ఏమీ చెప్పదు, 35 పక్కన పెట్టినప్పుడే దానికి అర్థం. మూడోది, అందరూ చేసేది: దేశపు సగటును ఎదురుగా కూర్చున్న మనిషికి అంటగట్టడం. జర్మనీ సగటు 35 అయినంత మాత్రాన మీ జర్మన్ మేనేజరు ఎదురు మాటను ఇష్టపడతాడని కాదు.

మా సలహా ఏమిటంటే, ఆ అంకెల్లో జవాబులు వెతక్కండి, వాటి నుంచి ప్రశ్నలు తయారు చేసుకోండి. రెండు దేశాల మధ్య ఒక కొలతలో పెద్ద తేడా కనిపిస్తే, ‘మా ఇద్దరి మధ్య ఇది రావచ్చు’ అని రాసుకుని మొదటి రెండు వారాలు గమనించండి. కనిపించకపోతే కొట్టేయండి. ఒక్క స్లైడులో అంకెలు చూపించి ‘జపనీయులు ఇంతే’ అని ముగించే శిక్షణ మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

“ప్రయత్నిస్తాను” అంటే విదేశీ మేనేజర్లు తర్వాత కోప్పడుతున్నారు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. హాల్ 1976లో చేసిన హై కాంటెక్స్ట్, లో కాంటెక్స్ట్ విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. హై కాంటెక్స్ట్ చోట్ల మాట సగమే చెబుతుంది, మిగతా సగం సందర్భం, బంధం, స్వరం చెబుతాయి. లో కాంటెక్స్ట్ చోట్ల నోటితో అన్నదే లెక్క, అననిది లేనట్టే.

శుక్రవారానికి అవుతుందా అని మేనేజరు అడిగారు. అవదని మీకు తెలుసు. పెద్దవారి ముఖాన “అవదు” అనడం ఇబ్బంది కాబట్టి కాస్త ఆగి, గొంతు తగ్గించి “ప్రయత్నిస్తానండి” అంటారు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆ విరామం విన్న పెద్దాయన ‘కష్టమన్నమాట’ అని గ్రహించి, “సరే, సోమవారానికి చూడు” అంటాడు. ఎవరి గౌరవమూ తగ్గలేదు, విషయమూ చేరింది. ఇది అబద్ధం కాదు, చక్కగా పనిచేసే పద్ధతి. కాకపోతే వినేవాడికి కూడా అది తెలిసి ఉండాలి. అమెరికన్ మేనేజరు ఆ విరామాన్ని వినలేదు, మాటను విన్నారు. తన క్లయింటుకు శుక్రవారం అని చెప్పేశారు. శుక్రవారం సాయంత్రం ఆయనకు అది మాట తప్పడంలా కనిపిస్తుంది.

చేయవలసినది ఇది. జవాబును మూడు ముక్కలుగా చెప్పండి: ఆ తేదీకి ఏది అవుతుంది, ఏది అవదు, అవ్వాలంటే ఏం కావాలి. “శుక్రవారానికి లాగిన్ భాగం ఇస్తాను. పేమెంట్ భాగం అవదు. టెస్టింగ్‌కు ఒకరు దొరికితే వచ్చే బుధవారానికి అది కూడా ఇస్తాను.” ఇందులో ‘అవదు’ ఉంది, కానీ రెండు ‘ఇస్తాను’ల మధ్య ఉంది కాబట్టి చెప్పడం తేలిక. ఆలస్యం అవుతుందని తెలిసిన రోజే చెప్పండి, గడువు రోజు దాకా ఆగవద్దు. కాల్‌లో నోరు రాకపోతే కాల్ ముగిసిన అరగంటలో మూడు వాక్యాల మెయిల్ పెట్టండి.

అటు వైపు మేనేజర్లకు కూడా ఒక మాట. అవునా కాదా అనే ప్రశ్న వేస్తే ‘అవును’ వస్తుంది. “ఏ రోజుకు అవుతుంది? దీనికి అడ్డు తగిలేవి ఏవి?” అని అడిగితే నిజం వస్తుంది. నలుగురి ముందు కాకుండా విడిగా అడిగితే ఇంకా త్వరగా వస్తుంది.

ఎదుటివారిది కూడా చెప్పకుండానే తెలుసుకునే సంస్కృతి అయితే సులువవుతుందనుకోవడం పొరపాటు. జపాన్ కంపెనీలో “కొంచెం కష్టం” అంటే దాదాపు ఎప్పుడూ ‘కాదు’ అనే. మనవారిలో “కొంచెం కష్టమండి” అంటే చాలాసార్లు ఇంకొంచెం గట్టిగా అడిగితే అవుతుందని. తెలుగు సేల్స్ మనిషి ఆ మాట విని ధర తగ్గించి మళ్ళీ అడుగుతాడు. జపాన్ వైపు వారికేమో తాము కాదన్నా వదలడం లేదనిపిస్తుంది. ఇద్దరూ సగమే చెప్పారు, ఇద్దరి మిగతా సగం వేరు.

బాస్‌ను పేరు పెట్టి పిలవడానికి నోరు రావడం లేదు. “సార్” అనవచ్చా?

వారు రెండుసార్లు పేరుతో పిలవమని చెప్పాక కూడా “సార్” అంటే దూరం పెడుతున్నారనుకుంటారు. నోటికి అలవాటయ్యేదాకా మెయిల్‌లో పేరు రాయడంతో మొదలుపెట్టండి. ఇంకో సంగతి: పేరుతో పిలవనిచ్చారంటే అధికారం లేదని కాదు. అమెరికన్ బాస్ “ఇలా చేస్తే బాగుంటుందేమో” అంటే అది తరచుగా ఆదేశమే. మనలో ఆ అధికారం సంబోధనలో కనిపిస్తుంది, అక్కడ అది మాట వెనక ఉంటుంది.

తల ఊపడం నిజంగా సమస్యేనా?

వీడియో కాల్‌లో సమస్యే. మనం తలను పక్కలకు ఊపితే సందర్భాన్ని బట్టి ‘వింటున్నా’, ‘సరే’, ‘అర్థమైంది’ ఏదైనా కావచ్చు. తెలియనివారికి అది ‘కాదు’లాగో సందేహంలాగో కనిపిస్తుంది. అలవాటు మానుకోనక్కరలేదు, దానితోపాటు నోటితో “సరే” అనండి చాలు.

దూరం, చూపు, మౌనం విషయంలో కొలతలేమైనా ఉన్నాయా?

హాల్ 1966లో ఇచ్చిన కొలతలు ప్రసిద్ధం: 18 అంగుళాల లోపు సన్నిహితులకు, ఒకటిన్నర అడుగు నుంచి 4 అడుగుల దాకా స్నేహితులకు, 4 నుంచి 12 అడుగులు పనిమీద వచ్చినవారికి, ఆ పైన బహిరంగ ప్రసంగాలకు. ఇవి అమెరికాలోని మధ్యతరగతివారిని చూసి రాసినవి, అందరికీ వర్తించవని హాలే స్పష్టంగా చెప్పాడు. అయినా వీటిని ప్రపంచ సూత్రాల్లా పాఠాల్లో పెట్టేస్తుంటారు. మన బస్టాండ్ క్యూలో ముందు మనిషికి నాలుగడుగులు వదిలితే ఆ ఖాళీలోకి ఇంకొకరు వచ్చి నిలబడతారు. అదే క్యూ అలవాటుతో అమెరికా బ్యాంకులో నిలబడితే ముందున్నవారు వెనక్కి తిరిగి చూస్తారు. ఆచరణలో సూత్రం చిన్నది: ఎదుటివారు ఒక అడుగు వెనక్కి వేస్తే మీరు ముందుకు జరగవద్దు.

పెద్దవారితో మాట్లాడుతూ చూపు దించడం మనకు వినయం. అమెరికన్ ఇంటర్వ్యూలో అది ఏదో దాస్తున్నట్టు కనిపించవచ్చు. కళ్ళలోకి చూడటం కష్టమైతే కనుబొమల మధ్య చూడండి, ఎదుటివారికి తేడా తెలియదు. మౌనం విషయానికొస్తే, ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగే సమయం అన్ని చోట్లా ఒకటి కాదు. తక్కువ ఆగేవారు ఎక్కువ ఆగేవారి వంతు కూడా తామే మాట్లాడేస్తారు, తర్వాత ‘వారికి చెప్పడానికి ఏమీ లేదు’ అనుకుంటారు. మీటింగు నడిపేవారైతే ప్రశ్న వేసి మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి.

పేర్ల విషయంలో కూడా సంస్కృతి తేడా ఉంటుందా?

ఉంటుంది, అది కాగితాల మీద కూడా పడుతుంది. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయడం మన పద్ధతి. పాశ్చాత్య ఫారాలు దానికి తిరగేసి తయారయ్యాయి. ఇంటిపేరు, సొంత పేరు తారుమారైతే ఆఫీసులో అందరూ మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి మొత్తం పేరును గివెన్ నేమ్ గడిలో పెడితే చిక్కు ఇంకా పెద్దది. అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ చోటికి వెళ్ళి, సొంత పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం. తర్వాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ ఇదే పేరు వెంటాడుతుంది. వీసాకు ముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించి పేరును రెండు గడుల్లోకి విడదీయించడం మేలు. మెయిల్ సంతకం కింద ‘నన్ను ఇలా పిలవండి’ అని ఒక్క వరుస పెట్టుకుంటే రోజువారీ తికమక తగ్గుతుంది.

ఇది మనిషి స్వభావమా, సంస్కృతి తేడానా? ఎలా తేల్చుకోవాలి?

ఒక కాగితాన్ని మూడు నిలువు గడులుగా విడదీయండి. మొదటి గడిలో కంటికి, చెవికి తెలిసిందే రాయాలి. రెండో గడిలో దానికి అర్థాలు, కనీసం మూడు. మూడో గడిలో మీ తీర్పు. చివరి గడిని మర్నాటిదాకా నింపవద్దు.

ఉదాహరణకు, రెండు పేజీలు రాసి పంపితే “అందింది.” అని ఒక్క మాట జవాబు వచ్చింది. మొదటి గడి: పంపిన గంటకు ఒక్క మాట జవాబు, పలకరింపు లేదు, సంతకం లేదు. రెండో గడి: కోపం వచ్చి ఉండవచ్చు, తొందరలో ఉండవచ్చు, ఆ ఆఫీసులో అందరూ అలాగే రాయవచ్చు. ఇప్పుడు సరిచూడాలి. ఆ వ్యక్తి ఇతరులకు రాసిన అయిదు మెయిళ్ళు చూడండి. అన్నీ అలాగే ఉంటే మీ మీద కోపం లేదు. ఆ ఆఫీసులో మరో ముగ్గురి మెయిళ్ళు కూడా అలాగే ఉంటే అది అక్కడి పద్ధతి. ఆ ఒక్కరే అలా రాస్తే వారి స్వభావం. మీకు మాత్రమే అలా రాస్తే విషయం మీ ఇద్దరిదీ, సంస్కృతిని మధ్యలోకి లాగనక్కరలేదు, వెళ్ళి అడగండి.

ఎక్కువమంది తప్పేది మొదటి గడిలోనే. ‘నిర్లక్ష్యంగా జవాబిచ్చారు’ అని రాసేస్తారు. నిర్లక్ష్యం సీసీ కెమెరాలో కనబడదు, కాబట్టి అది మొదటి గడిలో ఉండకూడదు. మరో తప్పు, రెండో గడిలో మూడూ చెడ్డ అర్థాలే రాయడం. ఒకటైనా ‘అక్కడ ఇది మామూలే కావచ్చు’ అని ఉండాలి.

కొత్త దేశంలో దిగులు ఎంతకాలం ఉంటుంది?

1955లో స్వెర్రె లిస్‌గార్డ్ అమెరికా వెళ్ళొచ్చిన సుమారు 200 మంది నార్వే స్కాలర్లను పరిశీలించాడు. ఆరు నెలల లోపు ఉన్నవారు, ఏడాదిన్నర దాటినవారు బాగానే సర్దుకున్నారు. మధ్యలో ఉన్నవారే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మొదట బాగుండి, మధ్యలో కిందికి దిగి, మళ్ళీ పైకి లేచే ‘యు’ ఆకారపు గీత అక్కడి నుంచి వచ్చింది. అందరికీ ఇదే క్రమం రాదు, కొందరికి మొదటి వారమే కష్టం. ‘కల్చర్ షాక్’ (కొత్త సంస్కృతిలో కలిగే దిగులు) మాటకు ప్రచారం తెచ్చిన మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్ చెప్పిన లక్షణాలు మాత్రం నేటికీ గుర్తుపట్టేలా ఉన్నాయి: నీళ్ళ గురించి, తిండి గురించి అతి జాగ్రత్త, చిన్న ఆలస్యానికే కోపం, శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, సొంత దేశస్థుల మీదే ఆధారపడాలనిపించడం, ఇంటికి పోవాలన్న తపన.

తెలుగు విద్యార్థులు అయిదారుగురు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి వండుకోవడం మొదటి నెలల్లో గొప్ప ఆసరా. రెండో సెమిస్టరుకు కూడా వారానికి ఒక్కసారైనా బయటివారితో భోజనం గానీ ఆట గానీ లేకపోతే అదే అడ్డుగోడ అవుతుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతింటే సర్దుకుంటుందిలే అని ఊరుకోవద్దు, యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్ళండి. తిరిగి స్వదేశానికి వచ్చాక కూడా ఇలాంటి దిగులు మరోసారి వస్తుంది. దాన్ని ఎవరూ ఊహించరు కాబట్టి ఇంట్లోవాళ్ళు ‘అమెరికా వెళ్ళి మారిపోయాడు’ అంటారు.

సర్దుకోవడం అంటే మన విలువలు వదులుకోవడమా?

కాదు. ఎలా చెప్పాలన్నది మార్చుకోవచ్చు, ఏది నమ్మాలన్నది మీ ఇష్టం. “అవదు” అని సూటిగా చెప్పడం నేర్చుకున్నంత మాత్రాన పెద్దలంటే గౌరవం పోదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాత పద్ధతిలోనే మాట్లాడతారు. తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు: నాన్నతో ఒకలా, స్నేహితుడితో “రా” అని ఒకలా, పంతులుగారితో “అండి” అని ఒకలా మాట్లాడటం చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇంకో రకం చేర్చుకుంటున్నారు, అంతే. మనస్సాక్షికి అడ్డుపడే చోట మాత్రం సర్దుకోవద్దు. మద్యం ముట్టనివారు ముట్టనని చెప్పి గ్లాసులో జ్యూస్ పట్టుకుని కూర్చోవచ్చు. చాలాచోట్ల మనిషి రాకపోవడాన్నే తప్పుగా చూస్తారు, తాగకపోవడాన్ని కాదు.

ప్రతి గొడవకూ సంస్కృతి తేడానే కారణమా?

కాదు, దీన్ని గట్టిగా చెప్పాలి. సంస్కృతి అన్న మాటను అన్యాయానికి ముసుగుగా వాడటం చాలాచోట్ల కనిపిస్తుంది. జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్ళిన కార్మికుడి పాస్‌పోర్టును యజమాని తీసుకుని ఇవ్వకపోతే, జీతం ఆపితే, ‘ఇక్కడ పద్ధతి ఇంతే’ అని ఏజెంటు సర్దిచెబుతాడు. అది పద్ధతి కాదు. కార్మికుడి ఇష్టానికి విరుద్ధంగా పాస్‌పోర్టు దాచుకోవడాన్ని యూఏఈ, సౌదీ, ఖతార్ నిబంధనలే ఒప్పుకోవు. అమెరికాలో తోటి తెలుగువాడి కులం ఆరా తీసి దూరం పెట్టడం కూడా కాపాడుకోవలసిన సంస్కృతి కాదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. మీ బృందంలో ఎప్పుడూ ఒకే వైపు రాత్రి కాల్స్ చేయవలసి వస్తుంటే, అది ‘సమయం పట్ల భిన్న దృక్పథం’ కాదు, షెడ్యూలు ఎవరి చేతిలో ఉందన్న విషయం.

గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న సాయపడుతుంది: ఈ తేడా వల్ల నష్టం రెండు వైపులా పడుతోందా, ఎప్పుడూ ఒక్కరి మీదే పడుతోందా? క్యాంటీన్ గ్రేవీ లాంటివాటిలో రెండు వైపులా ఇబ్బంది పడతాయి, కూర్చుని మాట్లాడుకుంటే తీరుతుంది. ఒక్కరే పదేపదే నష్టపోతుంటే తేదీలు, మెసేజీలు, జీతం స్లిప్పులు ఫోటోలు తీసి ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి. ఆఫీసులో అయితే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. గల్ఫ్‌లో అయితే భారత రాయబార కార్యాలయానికి గానీ, విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి. ఆ ఫిర్యాదును ఇంటి దగ్గర కుటుంబ సభ్యులు కూడా వేయవచ్చు.